కొమురయ్య తిన్న పచ్చిచొప్ప

మొన్న ఒక కొత్త డాక్టరమ్మ ఫోన్ చేసింది. పశువుల దవాఖానలో చేరి ఇంకా ఏడాది కాలేదు. ఎవరో నా నంబరు ఇచ్చారట.

"సార్, మా దగ్గర యూరియా కోసం రైతులు చెప్పులు లైన్ల పెట్టి నిలబడుతున్నరు. దొరికినంత వరికే సాలుతలేదు. మేత మళ్లకు ఏం వెయ్యమని చెప్పాలె? ఇక్కడ కోళ్ల ఫారం వాళ్లు ఎరువు ఊరికే తీస్కపొమ్మంటున్నరు. చల్లుకోమని చెప్పనా?"

"వద్దమ్మా," అన్నాను.

"పుస్తకంల మంచిదే అని ఉన్నది కద సార్?"

పుస్తకంలో ఉన్నది అబద్ధం కాదు. కోళ్ల ఎరువులో బలం ఉంది. అయినా వద్దన్నాను. ఎందుకో రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. తర్వాత చేస్తానని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఫోన్లో చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను. ఆ అమ్మాయికీ, ఆమెలాగా ఇప్పుడు ఈ పనిలోకి వస్తున్న పిల్లలకీ కలిపి. వరంగల్ చుట్టుపక్కల ఊళ్లలో పశువుల డాక్టరుగా నా వయసంతా గడిచింది. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడు వచ్చిందో, ఏ ట్రాన్స్‌ఫర్ ఎవరు ఆపారో ఇందులో ఉండదు. అవి చదివినందువల్ల ఎవరి బర్రె కూడా ఒక గ్లాసు పాలు ఎక్కువ ఇవ్వదు.

మేత సవతి బిడ్డ

మా వైపు రైతు ఇంట్లో యూరియా బస్తా ఉందంటే అది ముందు వరికి పోతుంది. తర్వాత మక్కకు, పత్తికి. బర్రెలు తినే జొన్న మడికి బస్తా దులిపితే రాలినంత పోతుంది. మోటరు పక్కన పనికిరాని మూల ఏదుంటే అదే మేత మడి. "గడ్డికి ఎరువేంది సారూ, గడ్డి దానంతట అదే మొలుస్తది" అని నాతో ఎంతమంది అన్నారో లెక్క లేదు.

మొలుస్తుంది, నిజమే. కానీ కోత మీద కోత కోస్తూ పోతే ఆ మడి నుంచి మనం మోపుకట్టి మోసుకుపోయేది భూమి బలమే. రెండు మూడు కోతలకే ఆకు పాలిపోతుంది, కాండం సన్నబడుతుంది. బర్రె కడుపు నిండా తింటుంది గాని పాలు దిగవు. అప్పుడు రైతు నా దగ్గరికి వచ్చి పాలు పెరిగే సూది అడుగుతాడు. మడికి వెయ్యనిది నేను సూదిలో పెట్టి ఎట్లా ఇస్తానని కసురుకునేవాణ్ణి. నాకు కోపం ఎక్కువని పేరుండేది. ఆ పేరు ఊరికే రాలేదు.

ఈ ఉద్యోగం సగం మేతలో ఉంది. కాలేజీలో అది ఎవరూ గట్టిగా చెప్పరు. చెప్పినా మీరు వినరు, నేనూ వినలేదు.

రోడ్డు పక్క గడ్డి

మాకు ఒక పెద్దసారు ఉండేవాడు. ఆయన దృష్టిలో మేత అంటే రోడ్డు మీద పోయే జీపులోంచి కనిపించే మేతే. మెయిన్ రోడ్డు పక్కన ఒక రైతు పొలం చూసి, నేపియర్ గడ్డి నాటించి, దానికి బోర్డు పెట్టించాడు. యూరియా చల్లిందే చల్లడం. గడ్డి మనిషి ఎత్తు దాటింది. ఆయన అందులో నిలబడి ఫొటో దిగాడు. ఆ ఫొటో మా వాట్సాప్ గ్రూపులో చాలా రోజులు తిరిగింది. ఆ రైతుకు అంత యూరియా మళ్లీ ఎవరిస్తారు? మరుసటి ఎండాకాలానికి అక్కడ బోర్డు మాత్రం మిగిలింది.

అది చూసి ఇంకో ఊళ్లో ఒకాయన ఎండకు వాడిపోయిన జొన్నకు అట్లాగే దట్టంగా యూరియా వేశాడు. ఒక జల్లు పడగానే అది జివ్వున లేచింది. సంబరపడి కోసి మేపాడు. నేను పోయేసరికి రెండు కోడెలు నురగ కక్కి చచ్చి పడి ఉన్నాయి. బెట్టకు వచ్చిన జొన్న అసలే పశువుకు ప్రమాదం. దానికి యూరియా తోడైతే గోరుచుట్టు మీద రోకటిపోటు. ఈ సంగతి పెద్దసారుకు చెబితే "అది మన ప్లాటు కాదు గదా" అన్నాడు.

ఆయన చెడ్డవాడు కాదు. ఎన్నడూ ఒక పశువును మేపినవాడు కాదు, అంతే. ఈ శాఖలో మీకు అటువంటి వాళ్లు చాలామంది కనిపిస్తారు. వాళ్లతో వాదించకండి. ఫొటో తీసి పంపి మీ పని మీరు చేసుకోండి.

చౌకగా దొరికేవి

రైతు కొనకుండా మేత మడికి బలం ఇచ్చేవి మా వైపు కొన్ని ఉన్నాయి. నేను చెప్పి చేయించి చూసినవే రాస్తాను.

మొదటిది కొట్టం కడిగిన నీళ్లు. పెంట ఎత్తి కుప్పలో వేస్తారు, మూత్రం మోరీలోకి వదిలేస్తారు. జొన్నకు కావలసిన బలంలో పెద్ద భాగం ఆ మోరీలోకే పోతుంది. కొట్టం నేల కొంచెం వాలుగా చదును చేసి, చివర చిన్న గుంత తీసి, ఆ నీళ్లు మడి కాలువలో కలిసేటట్టు చేస్తే చాలు. దీనికి పార తప్ప ఇంకేమీ అక్కరలేదు. రెండోది, ఎండాకాలం చెరువు ఎండినప్పుడు తోడుకొచ్చుకునే పూడిక మట్టి. మెట్ట నేలల్లో దాని గుణం ఒక్క ఏడాదితో పోదు. మూడోది జొన్న సాళ్ల మధ్య బొబ్బర్లు వేయడం. బొబ్బర తీగ గాలిలోని బలాన్ని వేర్లలోకి దించుతుంది, పైగా పశువుకు పప్పు తిన్నంత సత్తువ. విత్తనం ఇంట్లోనే ఉంటుంది. అయినా ఎవరూ వేయరు, కొయ్యడానికి చిక్కుపడుతుందని.

నాలుగోది గొర్ల మంద. నా లెక్కలో మేత మడికి దీన్ని మించింది లేదు. విత్తనం వేసే ముందు ఖాళీ మడిలో చుట్టూ వల కట్టి మందను రాత్రంతా ఆపుతారు. పిలుకలు అనే గొర్ల పెంటికలు, మూత్రం రెండూ నేల మీదనే పడతాయి. మర్నాడు వల పక్కకు జరుపుతారు. వెంటనే దున్నెయ్యాలి. ఎండకు వదిలేస్తే సగం బలం గాలికి పోతుంది. మంద పెట్టినందుకు గొర్ల కాపరికి గింజలు కొలుస్తారు. మంద ఉన్నన్నాళ్లు మాపటి బువ్వ ఆ చేను వాళ్లే పంపాలి. బువ్వ పంపని ఇంటికి మంద రాదు. అది కాగితం మీద లేని ఒప్పందం.

కొమురయ్య

పాలకుర్తి వైపు పోయే దారిలో ఒక ఊరు ఉంది. పేరు రాయను. ఆ ఊరికి మంద పెట్టేవాడు కొమురయ్య. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, నోట్లో ఎప్పుడూ ఒక విసురు మాట. నాకంటే కోపిష్టి. గొర్రెలకు కడుపులో పురుగులు పోయే నట్టల మందు తాగించడానికి నేను పోతే "సారూ, నీ మందు కంటె నా తిట్లకే గొర్లు బాగుపడ్తయ్" అనేవాడు. మాట దురుసే గాని మనిషి ఎవరి చేనులో ఒక వెన్ను ముట్టినవాడు కాదు. అతని భార్య రాజవ్వ అతను తిట్టినచోటికల్లా వెనకాలే పోయి సర్దిచెప్పి వచ్చేది.

అదే ఊళ్లో లచ్చమ్మ అని ఒకామె ఉండేది. భర్త వరంగల్ మార్కెట్లో హమాలీ. ఇంటి దగ్గర నాలుగు బర్రెలతో పాలు పోసి సంసారం నడిపేది లచ్చమ్మే. ఏటా జొన్న వేసే ముందు ఆమె మడిలో కొమురయ్య మంద ఆగేది. ఏటా మాపటికి ఆమె అతనికి బువ్వ పంపేది. కొమురన్నా అని పిలిచేది. "మా అన్న మంద పడ్డ మడి సారూ, సూడు ఎట్లున్నదో" అని నాకు జొన్న చూపించి మురిసేది.

ఊరికే వచ్చిన ఎరువు

ఆ ఊరి పాల సంఘానికి సుధాకర్ అధ్యక్షుడు. చదువుకున్నవాడు, పది మందికి మేలు చేయాలన్న ఆరాటం ఉన్నవాడు. పక్కన ఒక బ్రాయిలర్ కోళ్ల ఫారం ఉంది. ఆ ఎండాకాలం షెడ్లు ఖాళీ చేస్తూ ఎరువు ఊరికే తీసుకుపొమ్మన్నారు. సుధాకర్ సంఘం తరఫున ట్రాక్టర్లు పెట్టి ఇంటింటి మేత మడికీ తోలించాడు. గింజలు కొలిచేది లేదు, బువ్వ పంపేది లేదు, వల కట్టేది లేదు. అందరూ అతన్ని మెచ్చుకున్నారు. దూరం నుంచి చూస్తే అందులో తప్పు నాకూ కనిపించేది కాదు.

తప్పు రెండు చోట్ల జరిగింది. ఎండ దెబ్బకు ఆ ఫారంలో కోళ్లు విపరీతంగా చచ్చాయి. చచ్చినవాటిని గుంత తీసి పూడ్చాలి. పనివాళ్లు ఊకతో పాటు ఊడ్చి ఎరువులోనే కలిపేశారు. ఇక ఈ రైతులు దాన్ని దుక్కిలో కలిపి దున్నలేదు. కోసిన జొన్న మోళ్ల మీద చల్లి నీళ్లు పెట్టారు. మోళ్లకు మళ్లీ మొలిచిన పిలకల మధ్య ఆ ఎరువు అట్లాగే అంటుకుని ఉంది. మరుసటి కోతలో అది చొప్పతో పాటు మోపులోకి, మోపు నుంచి బర్రె తొట్టిలోకి వచ్చింది.

ఆ ఏడు కొమురయ్యను ఎవరూ పిలవలేదు. ఒకరోజు పొద్దున పాలు పోసే వేళకు పాల కేంద్రం ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"తాతల కాన్నుంచి మంద పెట్టినోన్ని, ఒక్కమాట చెప్పకపోతిరి. పోనీ. గా పీనుగుల పెంట తిన్న బర్లు నిలుస్తయా? నేను చెప్తాన్న, నిలువయ్. సూస్కోండ్రి."

పొట్ట మీద కొడితే మనిషి అనే మాట అది. రాజవ్వ వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకుపోయింది. ఆ మాట మాత్రం అక్కడే ఉండిపోయింది.

నాలుక

తర్వాత కొద్ది రోజులకే లచ్చమ్మ ఫోన్ చేసింది. "సారూ, పెద్ద బర్రె లేస్తలేదు. జర జల్దిరా."

పోయి చూశాను. బర్రె పడుకుని ఉంది. జ్వరం లేదు. కళ్లు తేటగా ఉన్నాయి, నన్ను గుర్తుపట్టి చూస్తోంది. వెనక కాళ్లలో సత్తువ లేదు. ఈనిన బర్రె కదా, ఒంట్లో సున్నం తగ్గి కూలబడే పాల జ్వరమేమోనని కాల్షియం ఎక్కించాను. ఆ జబ్బయితే సీసా అయిపోయేలోపే లేచి నిలబడుతుంది. ఇది లేవలేదు. మర్నాటికి రెండోది కూలబడింది. సుధాకర్ వాళ్ల కొట్టంలో ఒకటి, ఇంకో ఇంట్లో ఒకటి.

రెండో బర్రె నోరు తెరిచి నాలుక బయటికి లాగాను. ఆరోగ్యంగా ఉన్న పశువు నాలుకను వెంటనే లోపలికి గుంజుకుంటుంది. ఇది గుంజుకోలేదు. వదిలేస్తే తడి గుడ్డలాగా పక్కకు వేలాడింది. తొట్టి దగ్గర కూర్చుని తినగా మిగిలిన చొప్పను కెలికాను. ఈకలు. ఎండిన కోడి కాలు ఒకటి, గోళ్లతో సహా.

కుళ్లిన కళేబరంలో పెరిగే ఒక క్రిమి ఉంటుంది. అది విడిచే పదార్థం చిటికెడు చాలు, పశువు నరాలు పడిపోతాయి. పుస్తకంలో దాన్ని బొటులిజం అంటారు. పశువుకు అన్నీ తెలుస్తూనే ఉంటాయి, దాహం వేస్తూనే ఉంటుంది, మింగలేదు. చివరికి ఊపిరి తీసే కండలు కూడా ఆగిపోతాయి. మన చేతిలో దానికి మందు లేదు. మీరు పక్కన కూర్చోవడం తప్ప చేసేదేమీ ఉండదు. ఈ ఉద్యోగంలో అట్లా కూర్చునే రోజులు వస్తాయని తెలిసే రండి.

ఆ పూట ఇల్లిల్లూ తిరిగి చెప్పాను. "మేతల విషం ఉన్నది. కోళ్ల ఎరువు పడ్డ చొప్ప పెట్టకుండ్రి." చెప్పి, శాంపిళ్లు తీసుకుని వరంగల్ ల్యాబ్‌కు పోయాను. ఊరు నా మాటలో ఒక్క ముక్కనే పట్టుకుంది. విషం. విషం అంటే ఎవరో కలపాలి. ఎవరు కలిపారు? బర్రెలు నిలువవని పాల కేంద్రం ముందు నిలబడి చెప్పింది ఎవరు?

పాల కేంద్రం ముందు

మర్నాడు పొద్దున నేను తిరిగి పోయేసరికి పాల కేంద్రం ముందు జనం గుమిగూడి ఉన్నారు. మధ్యలో కొమురయ్య కూర్చుని ఉన్నాడు. ఇద్దరి చేతుల్లో కర్రలున్నాయి. లచ్చమ్మ చేతిలో తన మడిలోంచి కోసుకొచ్చిన పచ్చిచొప్ప కట్ట ఉంది. అప్పటికి ఆమె బర్రెలు రెండు పోయాయి, మూడోది పడుకుంది. ఆమె ముఖం చూస్తే నాకు భయమేసింది.

సుధాకర్ మెట్ల మీద నుంచి నన్ను చూసి దిగి వచ్చాడు. "సార్, కొడ్తమని మీదికి వోతాండ్రు. నేనే ఆపిన. కొట్టుడెందుకు, ఆయన ఏం కలపకపోతే గా చొప్ప తింటడు, తింటే ఊరు సల్లబడ్తది అన్న. ఆయన గూడ సరే అన్నడు."

తాను ఒక మనిషిని కాపాడుతున్నానని అతను నిజంగా అనుకున్నాడు. నేను జనంలోకి దూరి అరిచాను. "మనిషి తినేదా అది? పశువులను చంపుతాంటే కండ్లకు కనవడ్తలేదా?"

లచ్చమ్మ నా వైపు చూడకుండానే కట్ట అతని ఒళ్లో పెట్టింది. "తిను కొమురన్నా. నువ్వేం చెయ్యకుంటే తిను."

కొమురయ్య నన్ను చూసి చెయ్యి అడ్డం ఊపాడు. "నువ్ జరుగు సారూ. బర్లు తినేదే గద. వీళ్లు సూడనీ."

తిన్నాడు. జొన్నాకు అంచు కోసుకుపోతుంది. పెదవుల మూలలు చీరి నెత్తురు వచ్చింది. కాండం నమిలి పిప్పి ఉమ్మబోతే "ఉమ్ముడు లేదు, మింగు" అన్నారెవరో. మింగాడు. పాలు పోయడానికి వచ్చినవాళ్లు క్యాన్లు పట్టుకుని అట్లాగే నిలబడి చూశారు. రాజవ్వ గొంగడి చేతుల్లో నలుపుకుంటూ గుంపు బయట నిలబడింది. నేను సెల్లు తీసి పోలీసులకు చేయబోతే సుధాకర్ నా చెయ్యి పట్టుకున్నాడు. "అయిపోవట్టె సార్. ఇప్పుడు పోలీసులొస్తే ఇంక పెద్దగైతది." అంతా అయ్యేవరకు ఎవరూ కదల్లేదు.

నా బండి మీదనే అతన్ని వరంగల్ తీసుకుపోయి దవాఖానలో చేర్పించాను. పశువును చంపే రకం మనిషి జోలికి రావడం చాలా అరుదని నాకు తెలుసు. తెలిసినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. డాక్టర్లు ఉంచుకుని చూశారు. ఏమీ కాలేదు. పెదవులకు పూత మందు ఇచ్చి పంపించారు. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను, బతికాడు కాబట్టి ఇక బయటపడ్డాడని.

బతికినందుకు

ఊరు ఇంకో రకంగా ఆలోచించింది. కొమురయ్య తిన్నాడు, బతికాడు. అంటే చొప్పలో విషం లేదు. చొప్పలో విషం లేకపోతే ఎరువులోనూ లేదు. మరి బర్రెలు ఎట్లా పడుతున్నాయి? నోటితో చేశాడు. ఏదో చేతబడి పెట్టాడు. నిలువవన్నాడు, నిలవలేదు.

సుధాకర్ నన్నే అడిగాడు. "మీరే చెప్పుండ్రి సార్. మనిషి కట్టెడు చొప్ప తింటె తలకాయనొప్పి గూడ రాకపాయె. ఎరువుల విషమున్నదంటే ఎవరు నమ్ముతరు?"

అతని కళ్లలో నాకు కనిపించింది మొండితనం ఒక్కటే కాదు. ఆ ఎరువు తోలించింది అతను. ఇంటింటికీ అతని చేతి మీదుగానే పోయింది. అది నిజమని ఒప్పుకుంటే అన్ని కొట్టాల్లోని చావూ వచ్చి అతని తల మీద కూర్చుంటుంది. ఏ మనిషి ఒప్పుకుంటాడు? తక్కినవాళ్లకూ అంతే. తమ చేత్తో తామే చల్లారు. కొమురయ్య మీద వేస్తే అందరికీ భారం దిగుతుంది. కాబట్టి అదే చొప్ప మళ్లీ కోశారు, అదే తొట్లలో వేశారు. బర్రెలు ఇంకా పడ్డాయి.

ల్యాబ్ నుంచి ఏమీ తేలలేదని వచ్చింది. ఈ జబ్బులో చాలాసార్లు అంతే. పశువును చంపడానికి చాలినంత ఉంటుంది గాని పరీక్షకు చిక్కేంత ఉండదు. ఆ కాగితం కూడా కొమురయ్యకు వ్యతిరేకంగానే చదివారు.

ఇక్కడ మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. ఊళ్లో పశువులు పడుతున్నప్పుడు విషం అన్న మాట నోట్లోంచి రానీయకండి. క్రిమి అనండి, కుళ్లు అనండి, కోడి పీనుగ అనండి. విషం అనగానే ఊరు గిన్నెను చూడదు, పెట్టిన చేతిని వెతుకుతుంది.

వరిగడ్డి

లచ్చమ్మ మూడో బర్రె కూడా పోయింది. మిగిలినది తొలిచూలు పడ్డ, ఇంకా ఈనని లేత బర్రె, దానికీ నడక తడబడుతోంది. నేను పోయేసరికి ఆమె కొట్టం గడపలో కూర్చుని ఉంది. ఏడుపు కూడా అయిపోయింది. నాకు అప్పుడు ఆమె మీద జాలి కంటే కోపమే ఎక్కువగా ఉంది. దాన్ని మింగి పక్కన కూర్చున్నాను.

"లచ్చమ్మా, కోళ్లకు కొక్కెర రోగం వస్తది గద. ఒక్కటి తూగంగనే ఏం చేస్తరు?"

"కోసుకొని తింటం సారూ."

"తింటే మీకు కొక్కెర వచ్చిందా?"

"మనుషులకెట్లొస్తది?"

"ఇది గూడ గంతే. బర్రెను పట్టేది మనిషిని పట్టది. కొమురయ్యకు ఏం కాలేదంటే చొప్ప మంచిదని కాదు."

ఆమె లేచింది. తొట్టిలో ఉన్న చొప్పనంతా ఎత్తి దూరంగా పారేసి, వరిగడ్డి తెచ్చి వేసింది. పడ్డ కొంచెం కొంచెంగా నమిలింది. దాని గొంతు ఇంకా పని చేస్తోంది. తర్వాత రోజుల్లో చెరువు కట్ట మీది గడ్డి, ఇంట్లో ఉడికించిన మక్క గడ్క, కుడితి తప్ప ఇంకేమీ పెట్టలేదు. పడ్డ నిలబడింది. అది నిలబడ్డదని చూసి పక్కింటి వాళ్లు మేత మార్చారు. వాళ్లను చూసి ఇంకొకరు. చావులు ఆగాయి.

ఆ చొప్ప పెట్టడం ఆపారు గాని ఎందుకు ఆపారో ఎవరూ పైకి అనలేదు. అంటే కొమురయ్యకు జవాబు చెప్పాలి కదా.

ఇంతలో కొమురయ్య పని అయిపోయింది. అతని మందను ఎవరూ కోసిన చేలలోకి రానివ్వలేదు. బోరు తొట్ల దగ్గర నీళ్లు తాగనివ్వలేదు. పోలీసు కేసు పెడదామని నేనంటే రాజవ్వే వద్దంది. "కేసు పెట్టి ఈ ఊర్ల ఎట్ల బతుకుతం సారూ?" అంది. కేసు పెట్టకుండా కూడా బతకనివ్వలేదు. గొర్రెలను అంగడికి తోలి అమ్మేసి వాళ్లు ఊరు విడిచారు.

డాక్టరమ్మ అడిగినదానికి జవాబు ఇది. కోళ్ల ఎరువు పత్తికో మక్కకో వేయమనండి, అదీ ముందు దుక్కిలో కలిపి. అందులో ఒక్క పీనుగ ముక్క కూడా లేకుండా ఏరించండి. కుప్ప వేసి మాగబెడితే చాలా క్రిములు చస్తాయి గాని ఈ క్రిమి చావదు. పశువు మేసే మడి మీద మాత్రం చల్లనివ్వకండి. ఇక ఏ ఊళ్లోనైనా ఎరువు మార్చమని చెప్పే ముందు, ఇన్నాళ్లూ ఆ మడికి బలం ఎవరు తెచ్చేవారో అడగండి. ఆ మనిషిని కూడా కూర్చోబెట్టి మాట్లాడండి. ఆ ఊళ్లో ఆ ఒక్క పని ఎవరూ చేయలేదు.

డబ్బా

మరుసటి ఎండాకాలం లచ్చమ్మ దవాఖానకు వచ్చింది. మడి పాలిపోయింది, జొన్న జానెడు లేవడం లేదు, యూరియా దొరకలేదు. ఆమె అసలు అడగడానికి వచ్చింది మడి గురించి కాదని ముఖం చూస్తేనే తెలిసింది. చేతిలో స్టీలు టిఫిన్ డబ్బా ఉంది.

"సారూ, కొమురన్న ఏడున్నడో మీకు ఎరికేనట. జర తోల్కపో."

నాకు తెలుసు. ఇంకో మండలంలో ఒక కోళ్ల ఫారంలో కూలికి ఉన్నాడు. గొర్రెలు లేని గొర్ల కాపరికి అంతకంటే పని దొరకలేదు. బండి మీద ఎక్కించుకుని పోయాను. మేం పోయేసరికి షెడ్డు చివర గంపలో ఎరువు ఎత్తుతున్నాడు. పక్కన ఒక బకెట్టు ఉంది. గంప నింపే ముందు చేత్తో కెలికి, చచ్చిన కోడి పిల్లలను ఏరి బకెట్లో వేస్తున్నాడు.

"ఏరితే పని ఆగుతదని మేస్త్రి తిడ్తడు సారూ," అన్నాడు నన్ను చూసి. "నేను ఏర్తనే ఉన్న. ఇది ఏ ఊరికి వోతదో."

లచ్చమ్మ వెనక నిలబడి ఉంది. అతను ఆమెను చూశాడు. ఒకప్పటి కొమురయ్య అయితే ఆ షెడ్డు రేకులు ఎగిరిపోయేటట్టు తిట్టేవాడు. నేను ఆ తిట్ల కోసమే ఎదురుచూశాను, నిజం చెబుతున్నాను. తిట్టలేదు.

"పడ్డ ఈనిందా?" అని అడిగాడు.

"ఈనింది కొమురన్నా. పెయ్యదూడ." ఆమె ఒక అడుగు ముందుకు వేసింది. "మందకు రావా? ఊరంత అడుగుతాంది."

"మంద ఏడున్నది లచ్చమ్మా?"

ఆమె డబ్బా మూత తీసి ముందుకు చాపింది. బువ్వ, చింతకాయ తొక్కు, పైన నూనెలో గోలిచ్చిన మిరపకాయలు. మంద ఉన్నప్పుడు మాపటికి పంపే బువ్వ అది. "నా చేతితోని పెట్టిన్నే ఆనాడు. నీ కాళ్లు మొక్కుత. ఇది తిను. నా ముందర ఒక్క బుక్క తిను."

కొమురయ్య డబ్బా అందుకున్నాడు. చుట్టూ చూశాడు. పనివాళ్లు ఇద్దరు ముగ్గురు గంపలు దించి చూస్తున్నారు. మూత మళ్లీ పెట్టేశాడు.

"నలుగురు సూస్తాంటే తినలేను లచ్చమ్మా," అన్నాడు. "అప్పటి సంది తినబుద్ధి కాదు. ఇంట్ల గూడ గోడ దిక్కు తిరిగి తింట. నువ్వు ఏమనుకోకు."

డబ్బా పట్టుకుని షెడ్డు వెనక్కి పోయాడు. మేం ఎండలో నిలబడ్డాం. కొంతసేపటికి వచ్చి డబ్బా ఇచ్చాడు. కడిగి ఉంది.

తిరుగు దారిలో బండి మీద లచ్చమ్మ ఒళ్లో ఉన్న ఆ డబ్బా మూత తీసి, చూసి, మళ్లీ పెట్టింది.

"తిన్నడంటవా సారూ?"

"తిన్నడు లచ్చమ్మా," అన్నాను. నేను చూడలేదు. ఊరు వచ్చేలోపు ఆమె ఇంకో రెండుసార్లు అదే అడిగింది. రెండుసార్లూ తిన్నాడనే చెప్పాను.